కేబుల్ కంపెనీ మీద ఇన్ని కేసులుంటే మనకి వచ్చేదేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సియాటెల్ పక్కన బాథెల్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగి మూడు వారాలైంది, టీవీ, ఇంటర్నెట్ కలిపి తీసుకున్నారు, మొదటి బిల్లులో మీరు అడగని ప్రొటెక్షన్ ప్లాన్ ఒకటి, బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు అని ఇంకొకటి కనిపించాయి. నెట్‌లో వెతికితే పెద్ద కేబుల్ కంపెనీల మీద బోలెడు కేసులు కనపడ్డాయి. వాటిలో చేరితే డబ్బులొస్తాయా, ఈమెయిల్‌లో వచ్చిన సెటిల్‌మెంట్ నోటీసు నిజమైనదేనా, హెచ్‌1బీ మీద ఉండి కంపెనీతో గొడవ పెట్టుకుంటే వీసాకి ఇబ్బందా అని.

నేను లాయర్ని కాదు. వినియోగదారుల కేసులు చూసే ఆఫీసులో చాలా ఏళ్లుగా పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకుడిగా పని చేస్తున్నాను, ఇలాంటి బిల్లులు పట్టుకుని వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేం కాదు. మీ కంపెనీ పేరు మీరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. చాలా కేసులు ఎదుర్కొన్న పెద్ద కేబుల్ కంపెనీ కాంకాస్ట్ సంగతి చెప్తే మీ ప్రశ్నకి జవాబు దాంట్లోనే వచ్చేస్తుంది. ముందే ఒక మాట. కేసు ఎంత పెద్దది, హెడ్‌లైన్‌లో ఎన్ని మిలియన్లు రాశారు అని చూడకండి, కేసు వేసింది ఎవరు అని చూడండి. రాష్ట్ర అటార్నీ జనరల్, అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన లాయరు, వేసిన కేసుల్లో మామూలు కస్టమర్ ఖాతాలోకి అంతో ఇంతో తిరిగొచ్చింది. కస్టమర్ల పేరు మీద ప్రైవేటు లాయర్లు వేసినవి చాలావరకు తలుపు దగ్గరే ఆగిపోయాయి, ఆగకుండా లోపలికి వెళ్లినవాటిలో ఒకటి ఎలా తేలిందో కింద చెప్తాను.

మీరు ఉన్నది వాషింగ్టన్ రాష్ట్రం కాబట్టి, మీ సమస్య కూడా ప్రొటెక్షన్ ప్లానే కాబట్టి, మీరు తప్పకుండా తెలుసుకోవలసింది అక్కడి కేసే. 2016 ఆగస్టులో అప్పటి అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గూసన్ కాంకాస్ట్ మీద కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టులో కేసు వేశాడు. కంపెనీ సర్వీస్ ప్రొటెక్షన్ ప్లాన్ అని నెలకి 4.99 డాలర్లకి ఒకటి అమ్మేది, ఇంట్లో వైరింగ్‌కి ఏమైనా అయితే టెక్నీషియన్ వచ్చి ఉచితంగా బాగుచేస్తాడు అని. అన్నీ కవర్ అవుతాయన్నట్టు చెప్పి అమ్మారు, తీరా చూస్తే గోడ లోపలి నుంచి వెళ్లే వైరు దానిలోకి రాదు. ఇళ్లల్లో వైర్లు గోడల్లోంచి కాక ఎక్కడి నుంచి వెళ్తాయండీ? ఆ రాష్ట్రంలోనే ఐదు లక్షల మంది దాకా ఆ ప్లాన్ మీద ఐదేళ్లలో 7.3 కోట్ల డాలర్లు కట్టారని, మొత్తం 18 లక్షల పైచిలుకు ఉల్లంఘనలు జరిగాయని ఫిర్యాదులో రాశారు. అడిగింది 10 కోట్ల డాలర్ల పైనే.

తర్వాత కేసు ఇంకో మలుపు తిరిగింది. సేల్స్ కాల్స్ రికార్డింగులు కొన్ని తెప్పించుకుని విన్నారు. ఫోన్ చేసిన మనిషి ప్లాన్ గురించి ఒక్క మాటైనా అనకుండానే అది అకౌంట్‌లో చేరిపోయినవి బయటపడ్డాయి. ఇంకొన్నిటిలో అసలు వద్దని చెప్పినా చేర్చారని, మరికొన్నిటిలో "ఫ్రీ" అని చెప్పి మొదటి నెల దాటాక చార్జ్ చేశారని రాష్ట్రం వాదించింది. దాంతో 2017 డిసెంబర్లో ఈ ఆరోపణలు కూడా కలిపి ఫిర్యాదును మార్చి వేశారు. అప్పటిదాకా "ప్లాన్‌లో ఏముందో సరిగా చెప్పలేదు" అనే కేసు కాస్తా "అడగకుండా అంటగట్టారు" అనే కేసు అయింది, నా దృష్టిలో గెలుపు అక్కడే ఖాయమైంది. కరపత్రంలో మాటకి కంపెనీ లాయర్లు నాలుగు అర్థాలు చెప్పగలరు గానీ, కస్టమర్ ఒప్పుకోని ప్లాన్‌కి రికార్డింగ్ ముందు పెట్టుకుని ఏం చెప్తారు?

2019 జూన్‌లో తీర్పొచ్చింది. రాష్ట్ర వినియోగదారుల రక్షణ చట్టాన్ని 4,45,000 సార్లకు పైగా ఉల్లంఘించారని జడ్జి తేల్చాడు. 30,946 మందికి వాళ్లకి తెలియకుండానే ప్లాన్ పెట్టేశారు, ఇంకో 18,660 మందికి అసలు ఖర్చెంతో చెప్పలేదు. జరిమానా 91 లక్షల డాలర్లు, అది కాక ఈ రెండు గుంపుల వాళ్లకి 12 శాతం వడ్డీతో కట్టింది వెనక్కివ్వమన్నాడు. అడిగిన 10 కోట్లతో పోలిస్తే చిన్నదే, రాష్ట్రం చేసిన ఆరోపణలన్నీ నిలబడలేదు కూడా. కానీ గమనించండి, నెలనెలా ఐదు డాలర్లు పోయిన మనిషికి ఆ ఐదు డాలర్లూ వడ్డీతో సహా తిరిగొచ్చేలా ఒక కోర్టు తీర్పిచ్చింది. ఐదు డాలర్ల కోసం ఏ లాయరూ మీ కేసు తీసుకోడు, లక్షల మంది ఐదు డాలర్లు ఒకచోట చేరితే ప్రభుత్వ లాయరు తీసుకుంటాడు.

ఇదే తరహావి మరికొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. మసాచుసెట్స్‌లో 99 డాలర్ల ప్యాకేజీ అని ప్రకటన ఇచ్చి, బాక్సు అద్దె, నెలవారీ ఫీజులు సరిగా చెప్పలేదన్న ఆరోపణ మీద 2018లో కాంకాస్ట్ 7 లక్షల డాలర్ల రిఫండ్లకి ఒప్పుకుంది, 20,000 మందికి పైగా బాకీలు మాఫీ చేసింది. మినసోటాలో చెప్పిన రేటు ఒకటి, వసూలు చేసింది ఒకటి, ఇస్తామన్న ప్రీపెయిడ్ కార్డులు ఇవ్వలేదు అని 2018 చివర్లో కేసు పడితే 2020 జనవరిలో రాజీ కుదిరింది, 15,600 మందికి 11.4 లక్షల డాలర్లు రిఫండ్, మరో 16,000 మందికి బాకీల నుంచి ఊరట. కాలిఫోర్నియాది ఇంకో రకం. ఫోన్ నంబరు డైరెక్టరీలో వేయొద్దని నెలనెలా అదనంగా డబ్బు కట్టిన దాదాపు 75,000 మంది నంబర్లని డైరెక్టరీలోకి వదిలేశారు. ఎవరి నుంచో దాక్కుని బతికే ఆడవాళ్లకి, పోలీసు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి అదెంత టెన్షనో ఊహించుకోండి. 2015లో 3.3 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, అందులో 2.5 కోట్లు జరిమానాకే పోయాయి, నంబరు బయటపడిన కస్టమర్లకి కట్టింది వాపసు, మీద మనిషికి 100 డాలర్లు.

కాంకాస్ట్ ఒక్కటే అనుకునేరు. న్యూయార్క్‌లో చార్టర్ (స్పెక్ట్రమ్ పేరుతో సర్వీసు అమ్మే కంపెనీ) మీద 2017లో అటార్నీ జనరల్ కేసు వేశాడు, చెప్పిన స్పీడు అందుకోలేని పాత మోడెములు అద్దెకిచ్చి, ఆ స్పీడుకే డబ్బులు వసూలు చేశారని. 2018 డిసెంబర్లో 17.42 కోట్ల డాలర్లకి తేలింది. అయితే అందులో నేరుగా జనం చేతికి వచ్చిన నగదు 6.25 కోట్లే, ఏడు లక్షల పైచిలుకు మందికి తలా 75 నుంచి 150 డాలర్లు. మిగతాది ఉచిత స్ట్రీమింగ్ రూపంలో ఇచ్చారు, హెచ్‌బీఓ మూడు నెలలు లేదా షోటైమ్ ఆరు నెలలు లాగా. సెటిల్‌మెంట్ మొత్తం అని పేపర్లో చూసినప్పుడు నగదు ఎంత, "సేవలు" ఎంత అని విడదీసి చూడటం అలవాటు చేసుకోండి. సేవలనేవి కంపెనీకి దాదాపు ఖర్చులేని సరుకు, ఆరు నెలలయ్యాక ఆపమని చెప్పడం మర్చిపోయే కస్టమర్ దొరికితే లాభం కూడానేమో.

ఇక క్లాస్ యాక్షన్లు, అంటే ఒకే రకంగా నష్టపోయిన వాళ్లందరి (ఆ గుంపునే "క్లాస్" అంటారు) తరఫున కలిపి వేసే ప్రైవేటు కేసులు. మీలా అడిగే ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఫిలడెల్ఫియా కేసు. కాంకాస్ట్ హెడ్డాఫీసు ఆ ఊళ్లోనే. చుట్టుపక్కల చిన్న కేబుల్ కంపెనీలని కొనేస్తూ, ఇంకో పెద్ద కంపెనీతో "నీ ఊరు నాకివ్వు, నా ఊరు నువ్వు తీసుకో" అని సిస్టమ్‌లు మార్చుకుంటూ ఆ ప్రాంతంలో తన వాటాని 1998లో 23.9 శాతం నుంచి 2007కి 69.5 శాతానికి పెంచుకుంది. పోటీ లేకుండా చేసి రేట్లు పెంచారని 2003లో కస్టమర్లు కేసు వేశారు, క్లాసులో 20 లక్షల మందికి పైగా ఉన్నారు. వాళ్ల నిపుణుడు లెక్కవేసిన నష్టం 87.5 కోట్ల డాలర్ల పైన. దీన్ని క్లాసుగా నడపొచ్చని కింది కోర్టు అంది, అప్పీల్ కోర్టూ సరే అంది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. కారణం ఏంటంటే, కస్టమర్లు పోటీ దెబ్బతిన్నదని చెప్పడానికి నాలుగు వాదనలు తెచ్చారు, కింది కోర్టు అందులో ఒక్కదాన్నే, అంటే కొత్త కంపెనీలు అదే ఊళ్లో పోటీగా లైన్లు వేయకుండా అడ్డుకున్నారన్న దాన్నే క్లాసు మొత్తానికి వర్తిస్తుందని ఒప్పుకుంది. నిపుణుడి లెక్క మాత్రం నాలుగిటికీ కలిపి వేసింది. ఆ ఒక్క వాదన వల్ల జరిగిన నష్టం ఎంతో ఆ లెక్కలోంచి విడదీయలేరు కాబట్టి క్లాసుగా నడపడానికి వీల్లేదన్నారు.

తర్వాత క్లాసుని చిన్నది చేసుకుని మళ్లీ మొదలుపెట్టి, చివరికి 5 కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. ఫిలడెల్ఫియాతో కలిపి ఐదు కౌంటీల్లో ఎనిమిది లక్షల మంది దాకా అర్హులు. 2015లో కోర్టు తుది ఆమోదం ఇచ్చింది. పన్నెండేళ్ల తర్వాత ఇంకా కస్టమర్‌గా ఉన్నవాళ్ల ముందు పెట్టిందేంటో తెలుసా? బిల్లులో 15 డాలర్ల తగ్గింపు, లేదా ఆరు పే పర్ వ్యూ సినిమాలు, లేదా కొన్ని నెలలు కాస్త ఎక్కువ స్పీడు ఇంటర్నెట్, ఇలాంటి వాటిలో ఏదో ఒకటి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. అలాగని ఆ లాయర్లని తిట్టను, సుప్రీంకోర్టులో ఓడిపోయాక కూడా ఆ మాత్రం రాబట్టడం మామూలు సంగతి కాదు. ఆ తీర్పు వల్ల దేశంలో ఎక్కడ క్లాస్ యాక్షన్ వేసినా ముందు నష్టం లెక్క కేసుకి అతికినట్టు కుదరాలి అనే అడ్డుగోడ గట్టిపడింది. కేబుల్ కంపెనీ గెలిచిన దాంట్లో అసలు విలువ అదే.

ఆ కేసు ఇరవై ఏళ్ల కిందటిది కాబట్టి కనీసం కోర్టు దాకా వచ్చింది. ఇప్పుడు మీలాంటి కస్టమర్‌కి అది కూడా కష్టం, ఎందుకంటే మీరు ఆన్‌లైన్‌లో "ఐ అగ్రీ" నొక్కిన అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ షరతు ఉంటుంది. గొడవొస్తే కోర్టుకి కాదు, ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి, అది కూడా ఒక్కరే వెళ్లాలి, గుంపుగా కాదు. దీన్ని 2011లో సుప్రీంకోర్టు ఒక ఫోన్ కంపెనీ కేసులో సమర్థించింది. ఫ్రీ ఫోన్ అని ఇచ్చి దాని మీద 30.22 డాలర్ల సేల్స్ ట్యాక్స్ వసూలు చేశారని ఒక జంట మొదలుపెట్టిన గొడవ అది. ముప్ఫై డాలర్లకి ఒంటరిగా ఎవరు మధ్యవర్తి దగ్గరికి వెళ్తారు, ఎవరూ వెళ్లరనేగా ఆ షరతు పెట్టేది. మన ఇండియాలో పరిస్థితి వేరు, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ అని రాసి ఉన్నా వినియోగదారుల ఫోరంకి వెళ్లే హక్కు పోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో 2018లో మన సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కన్స్యూమర్ కోర్టు మెట్లెక్కిన అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకుని వస్తారు. ఉండదు.

మీరు చూసిన లిస్టులో మీకు సంబంధమే లేని కేసులు కూడా ఉన్నాయి. టీవీ చానెళ్ల యజమాని బైరన్ అలెన్ తన చానెళ్లని జాతి వివక్షతో తీసుకోలేదని కాంకాస్ట్ మీద 2000 కోట్ల డాలర్లకి వేసిన కేసు పెద్ద వార్తే, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా "వివక్ష లేకపోయి ఉంటే ఒప్పందం కుదిరేదని చూపాలి" అంది, జూన్‌లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. అది చానెల్ యజమానికీ కేబుల్ కంపెనీకీ మధ్య గొడవ, మీ బిల్లుతో పనిలేదు.

మెయిల్‌లో వచ్చిన నోటీసు సంగతి. మొదట అందులో "క్లాస్" అంటే ఎవరో రాసిన పేరా చదవండి. ఏ రాష్ట్రంలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కస్టమర్‌గా ఉన్నవాళ్లు అని ఉంటుంది. మీరు సర్వీసు తీసుకుని మూడు వారాలే అయింది, ఆ తేదీల్లోకి మీరు వచ్చే అవకాశం దాదాపు లేదు. పాత ఊళ్లో అదే కంపెనీ కస్టమర్‌గా ఉండుంటే తప్ప. ఉదాహరణకి 2023 అక్టోబర్‌లో కాంకాస్ట్ సిస్టమ్స్‌లోకి సిట్రిక్స్ సాఫ్ట్‌వేర్ లోపం ద్వారా చొరబడ్డారు, 3.58 కోట్ల మంది వివరాలు పోయాయని డిసెంబర్లో ప్రకటించారు, వెంటనే కేసులు వరసగా పడ్డాయి. అలాంటిదైతే అప్పటి కస్టమర్లకే నోటీసు వస్తుంది. నిజమైన నోటీసులో కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి, ఆ నంబరుతో ఆ కోర్టు రికార్డుల్లో వెతుక్కోవచ్చు. డబ్బులివ్వడానికి ముందు "ప్రాసెసింగ్ ఫీజు" అడిగినా, గిఫ్ట్ కార్డు అడిగినా, ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నా అది దొంగదే. మెయిల్‌లో లింకు నొక్కకుండా కేసు పేరు మీరే టైప్ చేసి వెతకండి.

బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు గురించి కూడా అడిగారు. అది ప్రభుత్వ పన్ను కాదు. లోకల్ చానెళ్లు తమ సిగ్నల్ ఇచ్చినందుకు కేబుల్ కంపెనీ దగ్గర డబ్బు తీసుకుంటాయి, ఆ ఖర్చుని కంపెనీ ప్యాకేజీ రేటులో కలపకుండా విడిగా వేస్తుంది, అలా చేస్తే ప్రకటనలో రేటు తక్కువగా కనిపిస్తుంది కదా. కాంకాస్ట్ 2014లో దీన్ని డాలరున్నరతో మొదలుపెట్టింది, తర్వాత ఏమయిందో ఇప్పటి బిల్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో ఎఫ్‌సీసీ (ఫోన్, కేబుల్, టీవీ కంపెనీలని నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఒక నిబంధన తెచ్చింది, ప్రకటనలోనూ బిల్లులోనూ ఇలాంటి ఫీజులు కలుపుకుని టీవీ సర్వీసు మొత్తం రేటు ఒకే అంకెగా చూపించాలని. అందుకని మీకు అమ్మినప్పుడు చెప్పిన రేటులో ఇది కలిసి ఉందా లేదా అన్నదే మీ పాయింటు. ఫీజు ఉండటమే అన్యాయం అని వాదిస్తే ఎక్కడా నిలబడదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఫోన్ చేయకండి, చాట్‌లో అడగండి. "ఈ ప్లాన్ నేను ఏ తేదీన, ఏ విధంగా ఒప్పుకున్నానో చూపించండి" అని ఒకే ఒక్క ప్రశ్న, మర్యాదగా. తీసేస్తాం అంటారు, క్రెడిట్ వేస్తాం అంటారు, ఆ మాటలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, చాట్ విండో మూసేస్తే మళ్లీ దొరకదు. ఆర్డర్ పెట్టిన రోజు వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్, మొదటి బిల్లు పీడీఎఫ్, ఈ మూడూ ఒక ఫోల్డర్‌లో ఉంటే మీ కేసు నూటికి తొంభై మంది కేసులకంటే మెరుగ్గా ఉన్నట్టే.

క్రెడిట్ పడకపోతే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు వేయండి, ఫీజు లేదు, కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ ఫిర్యాదు వెళ్లేది కస్టమర్ కేర్ వాళ్ల దగ్గరికి కాదు, వేరే టీమ్ దగ్గరికి, వాళ్లకి నిర్ణయం తీసుకునే అధికారం ఉంటుంది. కస్టమర్లు అడగని సేవలకీ పరికరాలకీ బిల్లు వేశారన్న వ్యవహారంలో 2016లో కాంకాస్ట్ చేత 23 లక్షల డాలర్లు కట్టించింది ఈ ఎఫ్‌సీసీయే, దాని మొదలు కూడా ఇలాంటి ఫిర్యాదులే. దాంతోపాటు వాషింగ్టన్ అటార్నీ జనరల్ ఆఫీసుకి కూడా ఒకటి పంపండి. మీ ఒక్కరి ఫిర్యాదుకి వాళ్లు కోర్టుకి వెళ్లరు, కానీ ఒకే రకం ఫిర్యాదులు కుప్పపడితేనే ఫెర్గూసన్ వేసినలాంటి కేసు పుడుతుంది.

అదీ పనిచేయకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు, అంటే చిన్న మొత్తాల గొడవలు చూసే కోర్టు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్న అగ్రిమెంట్లలో కూడా సాధారణంగా దీనికి మినహాయింపు ఇస్తారు, మీదాంట్లో ఉందో లేదో చూసుకోండి. మీ రాష్ట్రంలో వ్యక్తులకి 10,000 డాలర్ల వరకు, లాయర్ అక్కర్లేదు. ఇరవై డాలర్లకి ఎవరు వెళ్తారంటారా, నిజమే, కానీ నెలల తరబడి లాగి, బాకీ అని వసూలు ఏజెన్సీకి పంపి క్రెడిట్ స్కోరు పాడు చేసిన కేసుల్లో వెళ్లినవాళ్లని చూశాను, చాలాసార్లు విచారణ తేదీకి ముందే కంపెనీ ఫోన్ చేసి సెటిల్ చేసుకుంటుంది. ఒక్క జాగ్రత్త, గొడవ నడుస్తున్నా మీరు ఒప్పుకునే మొత్తం మాత్రం టైముకి కట్టేయండి. కోపంతో బిల్లు మొత్తం ఆపేస్తే తప్పు మీ వైపుకి వస్తుంది.

వీసా విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇవన్నీ సివిల్ వ్యవహారాలు, ఫిర్యాదు చేయడానికీ, స్మాల్ క్లెయిమ్స్ వేయడానికీ పౌరసత్వం అక్కర్లేదు, హెచ్‌1బీ అయినా ఎఫ్‌1 అయినా చేయొచ్చు. ఈ భయంతోనే మనవాళ్లు నెలనెలా ఊరికే కట్టుకుంటూ పోతారు, ఆ సంగతి కంపెనీలకి తెలియదనుకోను.

ఇంకో పని, ఇదైతే ఈ వారంలోనే అయిపోవాలి. కాంకాస్ట్ లాంటి పెద్ద కంపెనీల అగ్రిమెంట్లలో ఆర్బిట్రేషన్ వద్దని చెప్పుకోవడానికి కొత్త కస్టమర్‌కి సాధారణంగా 30 రోజులు గడువిస్తారు. మీకు మూడు వారాలైంది. అగ్రిమెంట్ తెరిచి "ఆప్ట్ అవుట్" అని వెతకండి, ఆన్‌లైన్ ఫారమో, ఉత్తరం పంపే అడ్రసో ఉంటుంది. పేరు, సర్వీసు ఉన్న అడ్రసు, అకౌంట్ నంబరు, ఆర్బిట్రేషన్‌కి ఒప్పుకోవడం లేదని ఒక వాక్యం రాస్తే చాలు, మీ సర్వీసుకి ఏమీ కాదు. ఉత్తరమైతే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి ఆ రసీదు కూడా అదే ఫోల్డర్‌లో వేసుకోండి, ఫారమైతే సబ్మిట్ నొక్కాక వచ్చిన పేజీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోండి.